కోర్లన్నీ నిండినా పాట తెగలేదు

ఈ మధ్య నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ కెర్నెల్‌ను (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగాన్ని) కంపైల్ చేస్తూ, ప్రాసెసర్ కోర్లన్నీ ఆ పనిలోనే మునిగి ఉన్నప్పుడు పాట వింటూ ఎడిటర్‌లో రాసుకున్నాను. పాట ఎక్కడా తెగలేదు, అక్షరాలు ఆలస్యంగా పడలేదు. దీని వెనక ఉన్న శ్రమను తలచుకుంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

ఏ పనికి ఎప్పుడు ప్రాసెసర్ దొరకాలో నిర్ణయించే కెర్నెల్ భాగమే షెడ్యూలర్. 2007లో కెర్నెల్ 2.6.23 వెర్షన్‌తో వచ్చిన సీఎఫ్‌ఎస్ అనే షెడ్యూలర్, అప్పటివరకు ప్రాసెసర్‌ను తక్కువగా వాడుకున్న పనికే ముందు అవకాశం ఇచ్చేది. దాన్ని రాసిన ఇంగో మోల్నార్, అంతకుముందు ఆస్ట్రేలియాలో మత్తువైద్యుడైన కాన్ కోలివాస్ షెడ్యూలర్లపై చేసిన కృషి తనకు దారి చూపిందని చెప్పారు. వృత్తిరీత్యా ప్రోగ్రామర్ కాని వ్యక్తి మామూలు డెస్క్‌టాప్ వాడుకరి పక్షాన అంత పట్టుదలగా నిలబడటం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

అయితే సమానంగా పంచడం వేరు, సమయానికి ఇవ్వడం వేరు. ఆడియో ప్రోగ్రాముకు కావలసింది ఎక్కువ వాటా కాదు, కొద్దిసేపే అయినా త్వరగా దొరికే వంతు. 2023లో కెర్నెల్ 6.6తో వచ్చిన ఈఈవీడీఎఫ్ అనే షెడ్యూలర్, తన వాటా ఇంకా అందుకోవలసి ఉన్న పనుల్లో వర్చువల్ గడువు (షెడ్యూలర్ తానే లెక్కగట్టే గడువు) అన్నిటికంటే ముందున్నదాన్ని ఎంచుకుంటుంది. అడిగిన వంతు ఎంత చిన్నదైతే గడువు అంత దగ్గరవుతుంది కాబట్టి, మొత్తం వాటా పెరగకుండానే ఆ పనికి త్వరగా అవకాశం వస్తుంది. 1995 నాటి పరిశోధన పత్రంలోని ఈ ఆలోచన కెర్నెల్‌లోకి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. కెర్నెల్ 6.12 నుంచి ప్రోగ్రాములే తమ వంతు నిడివిని 0.1 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య కోరుకోవచ్చు. ఆడియో సాఫ్ట్‌వేర్ రాసేవారు దీన్ని తప్పక ప్రయత్నించాలని కోరుతున్నాను.