అమ్మ భుజం మీద మచ్చ

2021 మార్చిలో అరవై దాటినవాళ్లకు కోవిడ్ టీకా మొదలైనప్పుడు జమ్మలమడుగులో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను. "నాకొద్దు పాపా. అది మృగం ముద్ర. ఏసుకున్నోళ్లకు పరలోకం లేదంట" అంది.

ప్రార్థన గ్రూపులో వచ్చిన వాయిస్ మెసేజ్ అది. మెత్తని గొంతు, మధ్యమధ్యలో వాక్యం, చివర కన్నీటి ప్రార్థన. వింటే నాకే భయం వేసింది.

శనివారం కడపలో బస్సెక్కాను. అమ్మ బైబిల్లోనే, లోకాంతం గురించి చెప్పే ప్రకటన గ్రంథంలో, మృగం తన వాళ్లకు వేయించే ముద్ర సంగతి ఉన్న 13వ అధ్యాయం తీసి చూపించాను. ముద్ర కుడిచేతి మీదో నొసటి మీదో అని ఉంది, టీకా వేసేది ఎడమ భుజానికి కదా అన్నాను. ముద్ర లేనివాళ్లు కొనలేరు, అమ్మలేరు అని ఉంది, పొద్దున మనం కూరగాయలు కొన్నాం కదా అన్నాను. "ఇప్పుడు కాదు, ముందుముందు" అంది.

ఆ గ్రంథం రాసింది ఆసియాలోని, అంటే ఇప్పటి టర్కీలోని, ఏడు సంఘాలకు. ఆ అధ్యాయంలో మృగం సంఖ్య 666 అని ఉంది. రోమా చక్రవర్తి నీరో పేరును హెబ్రీ అక్షరాల్లో లెక్కగడితే అదే వస్తుందని చాలామంది పండితులు చెప్తారు. హింసలు పడుతున్న విశ్వాసులకు ధైర్యం చెప్పిన మాటలవి. వాటితోనే బీపీ మాత్ర వేసుకుని పడుకునే ముసలమ్మకు నిద్ర లేకుండా చేస్తారా? నాకు ఇప్పటికీ కోపమే. ప్రభువు పేరు చెప్పి భయపెట్టడం పాపమని నేను నమ్ముతాను. లోకాంతం వచ్చే ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి 24లో ఆయనే చెప్పాడు కదా.

అయినా అమ్మ మనసు మారింది నా వాదనలకు కాదు. ఆ రాత్రి తలకు నూనె రాస్తుంటే ఎడమ భుజం మీద మచ్చ కనిపించింది. రూపాయి బిళ్లంత గుంట. చిన్నప్పటి మశూచి టీకా.

"ఇదెవరు ఏయించినారమ్మా?"

"మా నాయనే. ఎత్తుకపోయి ఏయించినాడంట. ఏడిస్తే బెల్లమ్ముక్క పెట్టినాడంట."

అమ్మ పుట్టింది లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో. ఆ కాన్పు సంగతి చెప్పినప్పుడల్లా తాత దేవునికీ డాక్టరమ్మకూ కలిపే వందనాలు చెప్పేవాడు. మన దేశంలో మశూచి 1975లో ఆగిపోయింది. ఆ జబ్బు ఎట్లుంటుందో నేను చూడనే లేదు.

"మా నాయన ప్రార్థన చేయకుండా ఏ పనీ చేసేటోడు కాదు" అంది అమ్మ. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

సోమవారం ప్రార్థన చేసుకుని వెళ్లి, ఆ భుజానికే టీకా వేయించుకుంది.

అదే మెసేజ్ విన్న మా పక్కింటి ఆంటీ వేయించుకోలేదు. మేలో పోయింది. వేయించుకుని ఉంటే బతికేదని నేను చెప్పలేను. కానీ ఆఖరి రెండు నెలలు ఆమె భయంతో బతికింది, అది నేను చూశాను.

2023 అక్టోబర్‌లో ఇజ్రాయెల్, గాజా యుద్ధం మొదలయ్యాక, లోకాంతం వచ్చేసిందంటూ మళ్లీ అవే గొంతులు. ఇప్పుడు అమ్మ ఏది వచ్చినా ముందు నాకు పంపి, "ఇది వాక్యంలో ఉందేమో చూడు పాపా" అంటుంది. నిన్న రాత్రి ఒకటి పంపింది, పదకొండు నిమిషాలది. బైబిల్ పక్కన పెట్టుకుని వినాలి.