ఒక మలుపు దగ్గర

షోటోకాన్ అనే కరాటే శైలిలో సాధారణంగా మొదట నేర్పే కటా, అంటే వరుసగా చేసే నిర్ణీత కదలికల సాధన, హెయాన్ షోదాన్. ఒకినావా కరాటే గురువు ఇటోసు అంకో రూపొందించిన పినాన్ కటాలకు హెయాన్ అనే పేరు పెట్టినవారు షోటోకాన్ స్థాపకుడు గిచిన్ ఫునాకోషి. హెయాన్ షోదాన్‌లోని 21 కదలికల్లో మూడవది, అంటే కుడిచేతి గుద్దు పూర్తయిన వెంటనే ముందున్న కుడికాలిని వెనక్కి తీసి, 180 డిగ్రీలు తిరిగి, కిందికి వచ్చే దెబ్బను అడ్డుకోవడం, నన్ను నెలల తరబడి ఇబ్బంది పెట్టింది. తిరిగిన ప్రతిసారీ శరీరం పక్కకు తూలేది.

కాళ్లలో బలం చాలదనుకుని గుంజీలు పెంచాను, ఫలితం లేదు. ఒకరోజు మా గురువుగారు ఏమీ అనకుండా నా పాదాల చుట్టూ సుద్దతో గీతలు గీశారు. చూస్తే రెండు పాదాలూ తాడు మీద నడిచేవాడివిలా ఒకే వరుసలో ఉన్నాయి. ఇక్కడ నిలబడే భంగిమ జెన్‌కుత్సు దాచి, అంటే ముందుకాలి మోకాలు వంచి నిలబడడం. అందులో బరువు సుమారు 60 శాతం ముందుకాలిపై ఉంటుంది కనుక, పాదాల మధ్య తుంటి వెడల్పు ఎడం లేకపోతే ఎంత బలమున్నా నిలవడం కష్టం. అప్పటి నుంచి డాబా మీద పలకల అతుకులనే గుర్తులుగా పెట్టుకుని, కుడిపాదాన్ని ఒక పలక పక్కకు జరిపి దించుతున్నాను.

మనసు సంగతి కూడా అక్కడే తేలింది. తూలతానన్న భయంతో భుజాలు ముందే తిరిగేవి, ఎడమ మడమ లేచిపోయేది. ఇప్పుడు ముందుగా చూపు తిప్పి, ఎదుట మనిషి ఉన్నాడని తలచి, శ్వాస వదులుతూ నడుమును తిప్పుతున్నాను. వేగం ఇంకా పెంచలేదు. రోజుకు ముప్పైసార్లు, నెమ్మదిగానే.