సైదాపురం అభ్రకం దిబ్బల మీద

గూడూరులో రైలు దిగి రాపూరు వైపు బస్సెక్కితే దారిలోనే సైదాపురం. పాత గనుల దిబ్బలు ఎండకు దూరం నుంచే తళుక్కుమంటాయి. కాలి కింద పలుగురాయి ముక్కలు, వాటి మధ్య కాకిబంగారం, అంటే అభ్రకం. అరచేతి వెడల్పు పలక ఒకటి దొరికింది. నెల్లూరు సరుకుకు పేరు తెచ్చిన లేత పచ్చ ఛాయ అందులో చక్కగా కనబడుతోంది.

అంచులో బ్లేడు కొన దూర్చి కాస్త తిప్పితే రేకు లేచింది. ఆ రేకులోంచి మరో రేకు. ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు. పొర లోపల సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ గట్టిగా అల్లుకుని ఉంటాయి; పొరకీ పొరకీ మధ్య పొటాషియం పట్టు మాత్రం వదులు. అందుకే నాలుగు వైపులా సమానంగా నొక్కినా స్ఫటికం సమానంగా కుదించుకోదు. పొరల మధ్య దూరమే ఎక్కువగా తగ్గుతుంది.

అభ్రకం అతివాహకం (బాగా చల్లబరిస్తే కరెంటుకు నిరోధకతే లేకుండా పోయే పదార్థం) కాదు. అయినా పొరల అతివాహకాలు ఒత్తిడికి ఎలా లొంగుతాయో చేత్తో పట్టుకుని తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి వస్తువు లేదు. ఇనుము, సెలీనియం పొరలుగా అమరిన ఐరన్ సెలినైడ్ మామూలుగా 8 కెల్విన్ (సుమారు మైనస్ 265 డిగ్రీల సెల్సియస్) దాపుల్లో అతివాహకమవుతుంది. 6 నుంచి 9 గిగాపాస్కల్ ఒత్తిడిలో, అంటే వాతావరణ పీడనానికి 60 నుంచి 90 వేల రెట్లలో, ఆ వేడిమి 37 కెల్విన్ దాకా ఎక్కుతుంది. పొరలు దగ్గరవడంతో పాటు ఇనుము తలం నుంచి సెలీనియం ఎత్తు కూడా మారుతుంది. ఇంకా నొక్కితే పొరల అమరికే పోయి షడ్భుజ నిర్మాణం వస్తుంది, అతివాహకత పోతుంది.

రేకును రెండు పక్క అంచుల నుంచి బొటనవేళ్ళతో నొక్కి చూశాం. విరగలేదు. నడుమ మడతపడింది, ఆ గీత పొడుగునా పొరలు విడిపోయి తెల్లబడ్డాయి. రెండు వజ్రాల కొనల మధ్య నమూనాను నొక్కే వజ్రాల సెల్‌లో ఒత్తిడి ఒక పక్కకే పడితే ఆ నమూనాకు పట్టే గతి ఇదే. అతివాహకత మొదలయ్యే చోట నిరోధకత ఒక్కసారిగా పడిపోవాల్సింది వాలుగా జారుతుంది.

అలా కాకూడదంటే పని గాస్కెట్ (వజ్రాల మధ్య నమూనాను పట్టి ఉంచే లోహపు రేకు) దగ్గరే మొదలవ్వాలి. వజ్రం కొన 0.3 మిల్లీమీటర్లయితే, 0.25 మిల్లీమీటర్ల స్టీలు రేకును ముందే 0.04కి నొక్కి, సరిగ్గా నడిమధ్యన 0.12 రంధ్రం వేయాలి. రంధ్రం పక్కకు జరిగిందా, ఒత్తిడి పెరిగేకొద్దీ అంచుకు పాకి వజ్రాన్నే పగలగొడుతుంది. లోపల నమూనా, ఒత్తిడి కొలవడానికి చిన్న కెంపు, నాలుగు వంతుల మిథనాల్‌కు ఒక వంతు ఇథనాల్. ఈ ద్రవం గది వేడిమిలో 10 గిగాపాస్కల్ దాకా సమంగా నొక్కుతుంది. కెంపు వెదజల్లే వెలుగు గీత తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్ల నుంచి గిగాపాస్కల్‌కు 0.365 నానోమీటరు చొప్పున జరుగుతుంది. సెల్‌ను చల్లబరిస్తే ఒత్తిడి మారుతుంది కాబట్టి కొలత అక్కడే మళ్ళీ తీయాలి, చలికి కెంపు గీత తనంతట తాను జరిగిన మేర తీసేసి మరీ.

నల్ల మచ్చలున్న ముక్కల్ని దిబ్బ మీదే వదిలేశాం. పలక నడిమి రేకుల్ని మాత్రం రెండు గాజు పలకల మధ్య బిగించి, వంగకుండా సంచిలో పెట్టుకున్నాం. రేకు వంగితే, స్ఫటికం అమరికను చూపే ఎక్స్‌రే చుక్కలు చాపాల్లా సాగిపోతాయి.