నీళ్లు ఎటు నుంచి వచ్చాయి? పాత బోటు ఇంజన్ విప్పి బిగించిన నా అనుభవం

పడవ నా చేతికి వచ్చేసరికే ఇంజన్ పట్టేసి ఉంది. పిస్టన్లను ఆడించే ఇరుసు (క్రాంక్ షాఫ్ట్) నట్టుకు పొడవాటి స్పానర్ వేసి, కాళ్లు తన్నిపట్టి లాగినా వెంట్రుకవాసి కదల్లేదు. మూడేళ్లుగా స్టార్ట్ చేయలేదని అమ్మినాయన చెప్పాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు. అది రెండు సిలిండర్ల పాత డీజిల్ ఇంజన్. కేబిన్ మెట్ల వెనక, ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుంటే నిండిపోయేంత చోటులో ఉంది. నేను వృత్తిరీత్యా మెకానిక్‌ని కాదు. అంతకుముందు రెండు మోటార్ సైకిల్ ఇంజన్లు విప్పి బిగించాను, మైక్రోమీటర్ చదవడం వచ్చు. ఆ ధైర్యంతోనే దిగాను. తొమ్మిది నెలలు పట్టింది.

బయటికి తీయడం గురించి ఎక్కువ చెప్పను. ప్రతి వైరుకీ, ప్రతి హోసుకీ చీటీ కట్టి, ఫొటో తీసి, ఆ తర్వాతే ఊడదీశాను. తెరచాప అడుగున ఉండే అడ్డదూలానికి (బూమ్) చైన్ పుల్లీ తగిలించి మెల్లగా పైకి లేపాం, ఇద్దరం కలిసి. భయపడినంత కష్టం కాలేదు.

బయటికి రాగానే డీజిల్ పోసి కడిగేద్దామని చేతులు దురదపెట్టాయి. జిడ్డు, ఉప్పు, తుప్పు కలిసి ఇంజన్ చూడటానికి అంత అసహ్యంగా ఉంది. కానీ కడగలేదు. ఈ మొత్తం పనిలో నేను తీసుకున్న మంచి నిర్ణయం అదే. ఎందుకంటే ఇంజన్ ఎందుకు చచ్చిందో చెప్పే సాక్ష్యమంతా ఆ మురికిలోనే ఉంది.

సిలిండర్ హెడ్ నట్లు బయటి వైపు నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ వచ్చి హెడ్ లేపాను. ఒకటో సిలిండర్ మామూలుగా ఉంది. నల్లటి మసి, గోడల మీద పల్చటి ఆయిల్ పొర. రెండో దాన్లో ఎర్రటి బురద. పిస్టన్ సగం దూరంలో ఆగిపోయి ఉంది. దాని పైన గోడ చుట్టూ ఒక గీత, చెరువు ఎండాక గట్టు మీద మిగిలే నీటి చారలాగా. ఆ గీతకు పైన లోహం మెరుస్తోంది, కింద అంతా పొక్కులు.

టార్చ్ వేసి చాలాసేపు అలాగే చూశాను. తర్వాత హెడ్ తిప్పి చూస్తే రెండో సిలిండర్‌లో పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ కడ్డీ అంతా తుప్పు పట్టి గుంటలు పడి ఉంది. గాలిని లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ బాగుంది. అప్పుడు లెక్క తేలింది. ఇంజన్ ఆగినప్పుడు రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ స్ట్రోక్‌లో ఉంది, అంటే ఆ వాల్వ్ తెరుచుకుని ఉంది. ఒకటో సిలిండర్‌లో రెండు వాల్వులూ మూసుకుని ఉన్నాయి. నీళ్లు సైలెన్సర్ వైపు నుంచి, వెనక్కి నడిచి వచ్చాయి. తలుపు తీసి ఉన్న గదిలోకి మాత్రమే వచ్చాయి.

పిస్టన్ ఊడదీయడానికి పదకొండు రోజులు పట్టింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి రోజూ పైన పోశాను. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఆరుబయటే ఈ పని చేశాను. గోడ మీద తుప్పును ఎమరీ పేపర్‌తో రుద్దుతూ వచ్చాను. ఆయిల్ సంప్ విప్పి, కనెక్టింగ్ రాడ్లు వదులు చేసి, క్రాంక్ షాఫ్ట్ బయట పెట్టాక, కింది నుంచి చెక్క దిమ్మెతో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పైకి నెట్టాను. సుత్తితో గట్టిగా కొడితే పిస్టన్ పగలడమే కాదు, బ్లాక్ కూడా పోయే ప్రమాదం ఉంది. పదకొండో రోజు సాయంత్రం టక్ మని ఒక శబ్దం. అర మిల్లీమీటర్ కదిలిందేమో. ఆ రాత్రి సంతోషంతో సరిగా నిద్ర పట్టలేదు.

బోర్, అంటే పిస్టన్ ఆడే రంధ్రం, కొలిస్తే పొక్కులు రుద్దితే పోయేంత పైపైన లేవు. ఇక గోడ కోసి వెడల్పు చేయించడం (రీబోర్) తప్పదు. ఒక సిలిండర్ మాత్రమే పెంచి ఊరుకుంటే రెండు పిస్టన్ల బరువులు తేడా వస్తాయి కాబట్టి రెండింటికీ అర మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ చేయించాలనుకున్నాను. లేత్ పని చేసే పెద్దాయన బ్లాక్ చూసి ఒక మాట అన్నాడు: "బోర్ నేను చేసిస్తా సార్. కానీ నీళ్లెలా వచ్చాయో తేల్చుకోకుండా దీన్ని మళ్లీ పడవలో పెట్టకండి. ఏడాదిలో మళ్లీ నా దగ్గరికే వస్తారు."

ఆ మాట మనసులో నాటుకుపోయింది. బ్లాక్ ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ నేను నీళ్ల దారి వెతుకుతూ కూర్చున్నాను.

ఇలాంటి ఇంజన్లలో పంపు బయటి నీళ్లు తోడి ఇంజన్ చుట్టూ తిప్పుతుంది. వేడెక్కిన ఆ నీళ్లను పొగ బయటికి పోయే వంపు గొట్టం (ఎగ్జాస్ట్ ఎల్బో) దగ్గర పొగలోకి వదులుతుంది. పొగ చల్లబడుతుంది, రబ్బరు హోసు కాలిపోకుండా ఉంటుంది. నీళ్లూ పొగా కలిసి సైలెన్సర్ డబ్బాలోకి వెళ్లి, అక్కడి నుంచి పొగ ఒత్తిడితో బయటికి పోతాయి. కాబట్టి నా అనుమానం ముందు ఎల్బో మీదికి పోయింది. లోపలి గోడ తుప్పు తిని చిల్లు పడితే నీళ్లు నేరుగా వాల్వ్ మీదికి కారతాయి. విప్పితే మసీ ఉప్పూ గట్టిపడి, దారి పెన్సిల్ పట్టేంత మిగిలింది. గీకి శుభ్రం చేసి, చివరలు మూసి, నీళ్ల జాకెట్ నింపి ఒక రాత్రి వదిలేశాను. తెల్లారి చూస్తే లోపల పొడిగానే ఉంది. ఎల్బో తప్పేం లేదు.

రెండో అనుమానం నిజమైంది. మా పడవలో నీళ్లు ఎల్బోలోకి పడే చోటు బయటి నీటిమట్టం కన్నా కిందే ఉంది. ఇంజన్ ఆపాక కూడా ట్యూబుతో డ్రమ్ములో నీళ్లు లాగినట్టు బయటి నీళ్లు తమంతట తామే లోపలికి జారతాయి. దాన్ని ఆపడానికే ఎల్బోకి నీళ్లు తెచ్చే హోసును నీటిమట్టం కన్నా బాగా ఎత్తుగా వంపు తిప్పి, వంపు నెత్తిన గాలి పీల్చే చిన్న వాల్వ్ పెడతారు. గాలి లోపలికి వెళ్లగానే ఆ ధార తెగిపోతుంది. ఆ వాల్వ్ విప్పి అరచేతిలో పెట్టుకుని చూశాను. బఠాణీ గింజంత రబ్బరు ముక్క ఉప్పు గడ్డలో గట్టిగా అతుక్కుపోయి ఉంది. పంపులో తిరుగుతూ నీళ్లు తోసే చక్రానికి (ఇంపెల్లర్) ఆరు రెక్కలుండాలి, రెండు ఊడిపోయాయి. ఆ సందులోంచి నీళ్లు మెల్లగా జారి సైలెన్సర్ నింపి, హోసెక్కి, తెరిచి ఉన్న వాల్వ్ దాకా వచ్చాయి. గోరంత రబ్బరు ముక్క అంత పెద్ద ఇనప ఇంజన్‌ని చంపింది. ఊడిన రెక్కల ముక్కలు ఇంజన్‌లో నీళ్లు తిరిగే సందుల్లో దొరికాయి. వాటిని ఏరకుండా బిగించి ఉంటే ఇంజన్ వేడెక్కి మళ్లీ పోయేది.

ఇక బిగింపు. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదిహేను, ఇరవై రెట్లు నొక్కితే పుట్టే వేడితోనే డీజిల్ అంటుకోవాలి. అందుకే ఆ గాలి జారిపోకుండా పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దగ్గర తొందరపడలేదు. ఒక్కో రింగును బోర్‌లో పెట్టి, పిస్టన్ తలతో సమంగా కిందికి నెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలిచాను. మాన్యువల్‌లో 0.20 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలని ఉంది. ఒక రింగుకు 0.15 వచ్చింది. వేడికి రింగు సాగుతుంది, సందు చాలకపోతే కొసలు గుద్దుకుని విరిగిపోతుంది. సన్నటి ఆకురాయితో ఒక్కో రుద్దుకీ కొలుచుకుంటూ 0.25కి తెచ్చాను.

ఒక్క చోట మాత్రం గుండె జారింది. కనెక్టింగ్ రాడ్లను క్రాంక్‌కి పట్టి ఉంచే క్యాపులు టార్క్ రెంచ్‌తో బిగించాక క్రాంక్ చేత్తో తిరగడం మానేసింది. అంతకుముందు హాయిగా తిరిగింది. మళ్లీ పట్టేసిందేమోనని ఒళ్లు చల్లబడింది. కాసేపు బయటికి వెళ్లి వచ్చి, ఒక క్యాప్ వదులు చేశాను, మార్పు లేదు. రెండోది వదులు చేయగానే తిరిగింది. రాడ్ మీదా క్యాప్ మీదా ఒకే వైపు ఉండాల్సిన గుర్తులు ఎదురెదురు వైపుల ఉన్నాయి. నేనే క్యాప్‌ను పొరపాటున తిరగేసి బిగించేశాను. ఆ రెండూ కలిపి బిగించి బోర్ చేసిన జత, అటుదిటు అయితే రంధ్రం గుండ్రంగా ఉండదు. తిప్పి పెట్టగానే వేలితో నెట్టినా కదిలింది. ఇప్పుడు ప్రతి బోల్టు బిగించాక క్రాంక్ ఒకసారి తిప్పి చూసుకుంటాను.

వాల్వులు గ్రైండింగ్ పేస్టుతో అరగదీశాను, తెగకుండా ఒకే బూడిదరంగు పట్టీ కనిపించేదాకా. గుంటలు పడ్డ ఎగ్జాస్ట్ వాల్వ్ మాత్రం కొత్తది వేశాను. హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి మూడు విడతల్లో బిగించాను. గాలి పీల్చే వాల్వ్ కొత్తది తెచ్చి, హోసు వంపును పడవ నడిగీత మీదికి, ఇంకా ఎత్తుకు మార్చాను. పడవ ఎటు ఒరిగినా అది నీటి పైనే ఉండాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ అమరిక పడవ నీళ్లలోకి దిగాకే చూశాను, ఎందుకంటే ఒడ్డు మీద ఉన్నప్పుడూ నీళ్లలో ఉన్నప్పుడూ పడవ ఆకారం ఒకటి కాదు. ఇంజన్‌నీ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ చుట్టూ నాలుగు చోట్ల తేడా 0.1 మిల్లీమీటర్‌కి దిగేదాకా ఇంజన్ కాళ్ల నట్లు తిప్పుతూ ఒక రోజంతా గడిచిపోయింది.

స్టార్ట్ చేసే రోజు బాగా టెన్షన్ పడ్డాను. డీజిల్ లైన్లలో గాలి తీశాను. స్టార్టర్ తిప్పుతున్నంతసేపూ బయటి నీళ్లు లోపలికి వచ్చే నీటి వాల్వ్ మూసే ఉంచాను. ఇంజన్ అంటుకోకుండా పంపు తిరుగుతూ ఉంటే నీళ్లను బయటికి నెట్టే పొగ ఉండదు, సైలెన్సర్ నిండి మళ్లీ అదే కథ అవుతుంది. మూడోసారి తిప్పినప్పుడు ఒక సిలిండర్ అంటుకుంది, రెండు క్షణాలకు రెండోది కలిసింది. పరిగెత్తి నీటి వాల్వ్ తెరిచాను. పడవ వెనక పొగతో కలిసి నీళ్లు గుక్కలు గుక్కలుగా పడుతుంటే ఆ చప్పుడు వింటూ నిలబడిపోయాను. కొత్త రింగులు బోర్‌తో సర్దుకోవాలంటే ఊరికే ఐడిల్‌లో వదలకూడదు, కొంత బరువు మోయాలి. అందుకని ఆ మధ్యాహ్నమే గేర్ వేసి రెండు గంటలు నడిపాను.

ఆపాక కావాలనే నీటి వాల్వ్ మూయలేదు. రాత్రంతా పడవలోనే పడుకున్నాను. తెల్లవారాక ఎల్బో దగ్గర హోసు విప్పి లోపలికి వేలు పెట్టి తడిమాను. వేలికి పొడి మసి అంటింది.