దారం, నట్టు, ముప్పై సెకన్లు

బడిలో యాక్టివిటీ చేయించాం అంటే చాలాచోట్ల అర్థం ఒకటే: థర్మాకోల్ షీటు, స్కెచ్ పెన్నులు, చివర్లో గ్రూప్ ఫోటో. పిల్లలు ఆ పీరియడంతా హాయిగా ఉంటారు, అదీ తక్కువేం కాదు. కానీ మర్నాడు అదే పాఠంలోంచి ఒక ప్రశ్న వేస్తే ఒక్కరూ నోరు విప్పరు. వాళ్లు దేన్నీ తేల్చుకోలేదు మరి. ఏం వస్తుందో ముందే తెలిసిన పనిని చేత్తో చేశారంతే.

6 నుంచి 8 తరగతుల దాకా పనికొచ్చే మూడు పనులు ఇక్కడ రాస్తున్నాను. మూడింటికీ షరతు ఒకటే. సామాను ముట్టుకోకముందే ప్రతి ఒక్కరూ తమ ఊహను నోటుబుక్కులో రాయాలి, అదీ పెన్నుతో. పెన్సిల్ ఇస్తే పక్కవాడి జవాబు చూసి చెరిపేస్తారు. టైం లేదని ఈ రెండు నిమిషాలనే ముందు కోసేస్తుంటారు. అది కోసేశాక మిగిలేది ఆట మాత్రమే.

లోలకం

మొదటి ప్రశ్న: ఒకే పొడవున్న రెండు దారాల్లో ఒకదానికి ఒక నట్టు, రెండోదానికి రెండు నట్లు కడితే ఏది త్వరత్వరగా ఊగుతుంది? రెండు నట్లదే అని చాలామంది రాస్తారు. రాయనివ్వండి, మీ ముఖంలో కూడా ఏమీ తెలియనివ్వకండి.

నలభై మంది ఉన్న తరగతికి పది గుంపులు. హార్డ్‌వేర్ షాపులో 12 మి.మీ. బోల్టుకు పట్టే నట్లు ఓ పదిహేను తెచ్చుకోండి, అన్నీ ఒకే సైజువి. దారం మామూలు కుట్టు దారం, రెండు పేటలు చేస్తే చాలు. పురికొస అయితే మెలి విప్పుకుంటూ నట్టును గిరగిరా తిప్పుతుంది. నైలాన్ దారం చుట్టలు తిరిగి ఉంటుంది కాబట్టి పొడవు సరిగ్గా రాదు. గుంపుకో పొడవు ఇవ్వండి: 16, 20, 25, 30, 36, 42, 49, 64, 81, 100 సెంటీమీటర్లు. ముడులకు మరో ఇరవై సెంటీమీటర్లు అదనంగా కత్తిరించాలి. 16 కన్నా పొట్టి దారం వద్దు, ఆ వేగానికి పిల్లలు లెక్క తప్పుతారు. చివరి రెండు పొడవులూ బెంచీ ఎత్తుకు సరిపోవు, వాటిని కిటికీ ఊచకు కట్టించండి. మిగతావాటికి బెంచీ అంచు నుంచి స్కేలు కొంచెం బయటికి పెట్టి, దాని మీద నాలుగు పుస్తకాల బరువు ఉంచి, స్కేలు చివర దారాన్ని టేపుతో బిగించాలి. దారాన్ని చేత్తో పట్టుకుని మాత్రం ఊపనివ్వకూడదు. నట్టుతో పాటు చెయ్యి కూడా తెలియకుండానే ఊగుతుంది.

ఫోన్ ఒక్కటే ఉన్నా ఇబ్బంది లేదు. మీరు "మొదలు" అనండి, సరిగ్గా 30 సెకన్లకు "ఆపు" అనండి. పది గుంపులూ ఒకేసారి లెక్కపెడతాయి. గుంపులో ఒకరు నట్టు వదలాలి, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి. ఇద్దరి లెక్కా కలవకపోతే మళ్లీ చేయాలి.

25 సెం.మీ. దారం 30 సార్లు ఊగాలి. 36 అయితే 25 సార్లు, 49 అయితే 21, 64 అయితే 18-19, 100 అయితే 15. ఈ అంకెలు మీ దగ్గర ఉంటే ఎవరు ఎక్కడ తప్పారో దూరం నుంచే కనిపెట్టొచ్చు. 25 సెం.మీ. గుంపు 60 అంటే వాళ్లు అటు వెళ్లినది ఒకటి, ఇటు వచ్చినది ఒకటి అని లెక్కపెట్టారు. పోయి తిరిగొస్తేనే ఒక డోలనం. 31 అంటే నట్టు వదిలేటప్పుడే "ఒకటి" అన్నారు. అక్కడ "సున్నా" అనాలి. 28 అంటే నట్టును మరీ ఎత్తునుంచి వదిలారు. నిలువు నుంచి 60 డిగ్రీల దాకా లాగి వదిలితే ఒక్కో డోలనానికి ఏడు శాతం దాకా సమయం ఎక్కువ పడుతుంది. పక్కకి 15 డిగ్రీలు దాటకుండా చూస్తే ఈ తేడా మాయమవుతుంది.

ఇంకో తప్పు పొట్టి దారాల్లోనే బయటపడుతుంది. పొడవును ముడి దాకా కాదు, నట్టు నడిమధ్య దాకా కొలవాలి. 16 సెం.మీ. దారంలో ఈ ఒక్క సెంటీమీటరు తేడా వస్తే 37 కాస్తా 36 అవుతుంది. 100 సెం.మీ. వాళ్లకు అదే తప్పు కనిపించనే కనిపించదు.

లెక్కలు అయ్యాక అసలు పని. నల్లబల్ల పైఅంచు దగ్గర అడ్డంగా గీత గీసి, ఏడేసి సెంటీమీటర్ల దూరంలో 14 నుంచి 38 దాకా అంకెలు వేయండి. ఒక్కో గుంపు తన లోలకాన్ని తెచ్చి, తనకు వచ్చిన అంకె కింద టేపుతో వేలాడదీయాలి. టేపు వేసేచోట తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి, సుద్దపొడి మీద టేపు అంటదు. పది నట్లూ వేలాడేసరికి బల్ల మీద ఒక వంపు గీత కనిపిస్తుంది. గ్రాఫు అనే మాట ఎత్తకుండానే గ్రాఫు వచ్చేసింది. ఏదో ఒక నట్టు వరస తప్పి ఉంటే, "అది తప్పు సార్" అని తరగతే అంటుంది. ఆ గుంపు మళ్లీ లెక్కపెట్టి నట్టును జరుపుకుంటుంది. మీరు దిద్దాల్సిన పని లేదు.

ఇప్పుడు రెండో ఊహ: 30 సెకన్లలో సరిగ్గా 20 సార్లు ఊగాలంటే ఎంత దారం కావాలి? బల్ల మీది వంపును చూసి పెన్నుతో రాయాలి. జవాబు దాదాపు 56 సెం.మీ. 53 నుంచి 59 మధ్య రాసినవాళ్లంతా వంపును సరిగా చదివినట్టే. అప్పటికప్పుడు కట్టి ఊపి చూడాలి.

8వ తరగతికైతే ఇంకొకటి అడగండి. 100 సెం.మీ. దారం 15 సార్లు ఊగింది, మరి 30 సార్లు ఊగాలంటే? 50 అని రాస్తారు. 50 దగ్గర వచ్చేది 21. బల్ల మీద 30 కింద వేలాడుతున్నది 25 సెం.మీ. దారం. సగం కాదు, నాలుగో వంతు. వర్గమూలం మాట ఎత్తడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

రెండు నట్ల సంగతి మరిచిపోవద్దు. రెండో నట్టును మొదటిదాని కింద వేలాడదీస్తే బరువుతో పాటు పొడవు కూడా పెరిగి, లెక్క మారి, "బరువు వల్లే మారింది" అనే తప్పుడు నిర్ణయానికి వస్తారు. రెండు నట్లనూ ఒకే ముడిలో పక్కపక్కన కట్టండి. లెక్క మారదు.

కాగితం పట్టీలు

1/2 + 1/3 = 2/5 అని రాసే పిల్లలు 7వ తరగతిలోనూ ఉంటారు. లవాలు కూడారు, హారాలు కూడారు, వాళ్ల లెక్కలో అంతా సవ్యమే. క.సా.గు. పద్ధతి మళ్లీ బోర్డు మీద చెబితే ఓ వారం గుర్తుంటుంది. దానికన్నా ఆ జవాబు ఎంత వింతగా ఉందో వాళ్ల కళ్లకే కనపడేలా చేయడం మేలు.

ఏ4 కాగితాన్ని 24 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పున్న పట్టీలుగా కోస్తే ఒక కాగితానికి ఏడు వస్తాయి. 24 ఎందుకంటే అది 2, 3, 4, 6, 8, 12 అన్నింటితోనూ భాగమవుతుంది. కాగితం పూర్తి పొడవు 29.7 సెం.మీ., దాన్ని అలాగే వాడితే పావు వంతుకే చిక్కు వస్తుంది. ఒక పట్టీ పూర్తిగా ఉంచి, మిగతావాటిని 12, 8, 6, 4 సెంటీమీటర్ల ముక్కలుగా కోయించి, వాటి మీద 1/2, 1/3, 1/4, 1/6 అని రాయించాలి. సగం, పావు మడిచి కోయొచ్చు. మూడో వంతును మడిచి తేవడం పెద్దవాళ్లకే కష్టం, స్కేలుతో గుర్తు పెట్టించండి.

ఊహ: 1/2 ముక్క, 1/3 ముక్క పక్కపక్కన పెడితే పూర్తి పట్టీలో సగం దాటుతుందా, దాటదా? అందరూ దాటుతుందనే రాస్తారు. తరువాత 2/5 ముక్క చేయించండి. 24 లో అయిదో వంతు 4.8, రెండు కలిపితే 9.6 సెం.మీ. దాన్ని 1/2 ముక్క పక్కన పెట్టగానే గోల మొదలవుతుంది. కూడిన తరువాత వచ్చింది, కూడకముందు ఉన్న సగం కన్నా చిన్నదిగా ఉంది! అసలు కూడిక 20 సెం.మీ., దాని మీద 1/6 ముక్కలు సరిగ్గా అయిదు పడతాయి. సామాన్య హారం ఎందుకో చెప్పాల్సింది ఆ అయిదు ముక్కల దగ్గర, అంతకుముందు కాదు.

చెడిపోయేది ఒక్కచోటే. రెండు గుంపుల ముక్కలు కలిసిపోయి, ఒకరు అంచుకు కొంచెం ఎక్కువ కోసి ఉంటే ఏవీ అతకవు. గుంపుకో రంగు కాగితం ఇవ్వండి, లేదా ముక్కల వెనక గుంపు నంబరు వేయించండి.

నీడ

"మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు, నీడ పడదు." ఇది నిజమా? రోజూ నిజమే అని ఎక్కువమంది రాస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊరికైనా అది ఏడాదికి రెండు రోజులే నిజం. ఢిల్లీ కర్కట రేఖకు ఉత్తరాన ఉంది, అక్కడ ఒక్కరోజు కూడా కాదు. ఆ రెండు రోజుల్లో మొదటిది మనకు ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది, చాలా ఊళ్లలో అది వేసవి సెలవుల్లో పోతుంది. రెండోది బడి రోజుల్లోనే: ఆదిలాబాద్‌లో జులై 25, శ్రీకాకుళంలో 31, విశాఖలో ఆగస్టు 2, హైదరాబాద్‌లో 3, విజయవాడలో 7, కర్నూలులో 9, అనంతపురంలో 13, తిరుపతిలో 16 ప్రాంతంలో. ఒక రోజు అటూ ఇటూ కావచ్చు.

ఇది సరిగ్గా పన్నెండింటికి కూడా జరగదు. గడియారం దేశమంతటికీ ఒకటే, సూర్యుడు మాత్రం ఊరికో సమయంలో నడినెత్తికి వస్తాడు. ఆగస్టు మొదట్లో విశాఖలో 12 దాటిన మూడు నాలుగు నిమిషాలకు, హైదరాబాద్‌లో 12.22 ప్రాంతంలో వస్తాడు. అందుకే 11.50 నుంచి 12.50 దాకా అయిదు నిమిషాలకోసారి నీడ చివర గుర్తు పెట్టించి, అన్నింటిలో పొట్టి నీడను తీసుకోవాలి. గుర్తుల పక్కన టైం రాయకపోతే తరువాత ఏది ఏదో తెలియదు.

గ్రౌండులో ఒక చోట చదునుచేసి, ఇనుప చువ్వ దిగ్గొట్టి, దాని మీదికి పీవీసీ పైపు ముక్క తొడగండి. పైపు నేల పైన సరిగ్గా 1 మీటరు ఉండాలి. బకెట్లో ఇసుక పోసి నిలబెట్టడం చాలాచోట్ల చూస్తాం, ఈ పనికి అది పనికిరాదు. ఇక్కడ నీడ మొత్తం కొన్ని సెంటీమీటర్లే, అది బకెట్ లోపలే పడిపోతుంది. పైపు నిటారుగా ఉందో లేదో చూడ్డానికి లోలకం కట్టిన దారం నట్టునే వాడండి, పక్క నుంచి ఒకసారి, ఎదుటి నుంచి ఒకసారి. పైకొన ఒక సెంటీమీటరు ఒరిగితే నీడలో తప్పు కూడా ఒక సెంటీమీటరే, అంటే ఈ ప్రయోగంలో చాలా ఎక్కువ. నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా ఫర్వాలేదు, పైపు ఒరగకూడదు. నీడను పైపు అంచు నుంచి నీడ అంచు దాకా కొలవాలి. ఆ అంచు పదునుగా ఉండదు. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి ఒక మీటరు ఎత్తుకు దాదాపు 9 మి.మీ. మసక వస్తుంది. మసక మధ్యలో గుర్తు పెట్టించండి. సూర్యుణ్ని నేరుగా చూడొద్దని ముందే గట్టిగా చెప్పాలి.

వేరే ఊళ్లో తెలిసిన టీచరు ఉంటే దీన్ని ఇంకో మెట్టు ఎక్కించొచ్చు. హైదరాబాద్‌లో నీడ లేని రోజున తిరుపతిలో ఒక మీటరు పైపు నీడ దాదాపు 6.6 సెం.మీ. ఉంటుంది, అదీ దక్షిణం వైపు. ఈ దిక్కు గురించి కూడా ముందే ఊహ రాయించండి, మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుందన్న నమ్మకం గట్టిది. 1 మీటరు, 6.6 సెం.మీ. కొలతలతో త్రిభుజం గీస్తే పైకోణం 3.8 డిగ్రీల దగ్గర వస్తుంది. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 417 కి.మీ. 360ని ఆ కోణంతో భాగించి 417తో గుణిస్తే భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్ల దగ్గరకొస్తుంది. నీడ కొలవడంలో అర సెంటీమీటరు తప్పితే జవాబు 37 వేలకో 43 వేలకో పోతుంది, అదీ పిల్లలకు చూపించదగ్గదే. జవాబు 50 వేలు దాటిందంటే ఫోన్‌లో రోడ్డు దూరం చూసి వేశారని అర్థం. మ్యాపు మీద అట్లాస్ స్కేలుతో నిలువు దూరమే తీసుకోవాలి.

ఆగస్టు అంటే మబ్బుల నెల, ఆ రోజే ఎండ కాస్తుందన్న నమ్మకం లేదు. కానీ ఆ రోజుల్లో మధ్యాహ్నపు నీడ రోజుకు దాదాపు అర సెంటీమీటరే మారుతుంది. కాబట్టి రెండు రోజులు ముందైనా వెనకైనా మీటరు పైపుకు ఒక సెంటీమీటరు నీడే, "దాదాపు లేదు" అని చూపించడానికి అది చాలు. చుట్టుకొలత లెక్కకు మాత్రం రెండు ఊళ్లలోనూ ఒకే రోజున కొలవాలి. నీడలు రెండూ ఒకే దిక్కుకు పడితే కోణాల్లో తేడా తీసుకోవాలి, ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి పడితే కలపాలి. రెండో టీచరుకు మెసేజ్ పెట్టేటప్పుడు నీడ పొడవుతో పాటు దిక్కు కూడా తప్పకుండా అడగండి.