టాగువా గింజలతో పులిజూదం పావులు, ఇప్పటిదాకా ఎంత అయ్యిందంటే

పులిజూదానికి 3 పులులు, 15 మేకలు కావాలి కదా, మేకలు సగం పైనే అయిపోయాయి, పులి మాత్రం ఒక్కటే, అదీ ఇంకా పాలిష్ పట్టాలి. మెటీరియల్ టాగువా, అంటే ఈక్వడార్, కొలంబియా, పెరూ వైపు అడవుల్లో పెరిగే తాటిజాతి చెట్టు గింజ. లేతప్పుడు లోపల నీళ్ళే ఉంటాయి, తర్వాత ముంజలా అవుతుంది, బాగా ముదిరితే తెల్లగా రాయిలా తయారవుతుంది. మన్నన్ అనే పదార్థం కణాల గోడల్లో దళసరిగా పేరుకోవడం వల్ల ఆ గట్టిదనం, ఖర్జూరం గింజ అంత గట్టిగా ఉండేదీ ఇందుకే. చెట్టు కొట్టే పని లేదు, ముదిరిన కాయలు వాటంతటవే రాలతాయి, ఏరుకుని ఎండబెడతారు.

మేముండేది న్యూయార్క్ స్టేట్‌లో రోచెస్టర్, ఒకప్పుడు ఈ గింజలతో బొత్తాలు చేసే ఫ్యాక్టరీలు ఇక్కడ గట్టిగా నడిచేవి. 1920ల్లో అమెరికాలో తయారైన బొత్తాల్లో దాదాపు 20 శాతం ఇవేనంటారు, రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్లాస్టిక్ వచ్చి అన్నీ ఊడ్చుకుపోయింది. పాత సామాన్ల షాపుల్లో బొత్తాల డబ్బాలు వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి, దారం రంధ్రంలోకి తొంగిచూడండి, పైన ముదురు రంగున్నా లోపల తెల్లగా ఉంటుంది, ఎందుకంటే రంగు పైపైనే పట్టుద్ది. నాకు పనికొచ్చిన పాయింట్ అదే, గరుకు కాగితం పని మొత్తం అయ్యాకే రంగు వెయ్యాలి, తర్వాత రుద్దితే తెలుపు బయటపడిపోద్ది.

ఇక పని. గింజ కోడిగుడ్డు కంటే చిన్నది, పైన గోధుమరంగు పొట్టు. అసలు తలనొప్పి నడిమధ్యలో ఉంటుంది, దాదాపు ప్రతి గింజకీ లోపల ఒక బోలు, దాన్నుంచి నక్షత్రంలా చీలికలు, కోసేదాకా అది ఎంత ఉందో తెలీదు. అందుకే ముందు డిజైన్ గీసుకుని గింజ వెతకడం మానేశా, గింజ కోసి, బోలు ఎటుందో చూసి, మిగిలిన చెంపలో మేక పడుతుందా పులి పడుతుందా అని అప్పుడు చూసుకుంటున్నా. చేత్తో పట్టుకుని కొయ్యొద్దు, గుండ్రంగా ఉంటుంది కాబట్టి జారి వేలు తెగుద్ది, వైస్‌లో (బల్లకి బిగించే ఇనప పట్టు) తోలుముక్క వేసి బిగించి సన్న పళ్ళ రంపంతో నెమ్మదిగా. కోసిన ముఖాన్ని చదును చేసి, ఒక చెక్క దిమ్మెకి సూపర్ గ్లూతో అంటించి దిమ్మెని మినీ లేత్ (ముక్కని గిర్రున తిప్పే చిన్న మెషిన్) చక్‌లో, అంటే దాని పట్టులో పెడతా, పనయ్యాక అసిటోన్‌తో ఊడొస్తుంది. ఉలి పదునుగా ఉంటే సన్నటి తెల్ల రిబ్బన్లు వస్తాయి, మొద్దుబారితే పొడి లేస్తుంది, వేడెక్కి మచ్చ పడుతుంది, మాడిన వాసన కూడా. మాస్క్ తప్పనిసరి. గరుకు కాగితం నంబర్లు 220, 400, 600, 1000 వరుసలో (నంబర్ పెరిగేకొద్దీ నునుపు), చివర్లో గుడ్డమీద తెల్ల పాలిష్ పేస్ట్, వార్నిష్ అక్కర్లేదు, దానికదే మెరుస్తుంది. నీళ్ళలో మాత్రం నానబెట్టొద్దు, ఉబ్బి చీలుతుంది.

పులికి పసుపు వేడినీళ్ళలో కాసేపే ముంచా, రంగు బ్రహ్మాండంగా వచ్చింది కానీ పసుపు ఎండకి వెలిసిపోద్ది. అందుకే చారలు కాల్చే పెన్నుతో పెట్టా, అవైనా ఉంటాయి.

మా బాబాయికి (పార్వతీపురంలో ఉంటాడు, పులిజూదంలో ఆయన్ని ఓడించినవాడు లేడు) ఫోటో పంపితే "ఒరేయ్ దంతంలా ఉందిరా, పట్టుకొస్తే కేసవుద్ది" అన్నాడు. భయంలో న్యాయం ఉంది, మన దేశపు ఏనుగుల దంతం వ్యాపారం వన్యప్రాణి రక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతోనే బంద్. కానీ తేడా తెలుస్తుంది బాబాయ్ అని చెప్పా, ఏనుగు దంతం అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటే వంపు గీతలుంటాయి, దీంట్లో అవి ఉండవు, పైగా రెండుమూడు పావులకి అడుగున గోధుమ పొట్టు కావాలనే వదిలేశా.

దంతానికి ప్రత్యామ్నాయం అని గొప్పగా రాస్తుంటారు గానీ, ఇంత చిన్న గింజలోంచి పొడుగు పాచిక కూడా రాదు, ఇంక విగ్రహాలెక్కడ. బొత్తాలు, పూసలు, ఉంగరాలు, పావులు, అంతే. నన్నడిగితే ఇది పోటీపడాల్సింది దంతంతో కాదు, ప్లాస్టిక్ బొత్తంతో, అక్కడైతే ఏ కోశానా తీసిపోదు.

తర్వాతి ప్రయత్నం లక్క. ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుండగానే లక్క ఒత్తుతారు, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. పనికిరాని ముక్క మీద చూశా, మెల్లగా ఒత్తితే పలచగా పట్టింది, గట్టిగా ఒత్తితే కింద గింజ మాడుతోంది, స్పీడ్ తగ్గించి మళ్ళీ చూడాలి. మిగతా రెండు పులులకి పెద్ద గింజలు ఆర్డర్ పెట్టా, పొట్టు తీయనివే, చవక కూడాను.