రంగడి జబ్బు పేరు బెంగ కాదు

మా చిలక రంగడి రొమ్ము మీద ఇంకా రూపాయి బిళ్లంత మేర బోసిగానే ఉంది. అక్కడ ఇక ఈక రాదని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఒకే చోట మళ్లీ మళ్లీ పీక్కుంటే చర్మంలో ఈక పుట్టే గుంట పాడైపోతుందట. మిగతా ఒళ్లంతా నిండింది. భయం పోయింది కాబట్టి రాయగలుగుతున్నాను. కోపం మాత్రం కొంచెం మిగిలే ఉంది.

రంగడు ఆఫ్రికన్ గ్రే చిలక. ఒళ్లంతా బూడిద రంగు, తోక ఒక్కటే ఎరుపు. నాన్న రిటైరైన వారంలో ఇంటికొచ్చాడు. మాటలన్నీ ఆయన దగ్గరే నేర్చాడు. "కాఫీ అయిందా?" అనేవాడు, అచ్చం నాన్నలాగే గొంతు సవరించుకుని దగ్గేవాడు. 2023 మార్చిలో నాన్న పోయారు. జూన్‌కల్లా రంగడు ఈకలు పీక్కోవడం మొదలుపెట్టాడు. ముందు రొమ్ము, తర్వాత తొడలు, రెక్కల కింద. పొద్దున లేచి చూస్తే పంజరం అడుగున దూది చల్లినట్టుండేది.

విజయవాడలో మాకు తెలిసిన ఒక పశువుల డాక్టరుకి చూపించాం. ఆయన పంజరం తలుపు కూడా తీయలేదు. నాన్న సంగతి అమ్మ చెప్పగానే, "బెంగ పెట్టుకుందమ్మా. మూగజీవికి మాత్రం మనసుండదా? కాలమే మందు" అన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్లు నిండాయి. ఫీజు కూడా వద్దన్నారు. ఆ మాట అంత మెత్తగా ఉండబట్టే మాకు ఏడు నెలలు పోయాయి. విసుక్కుని ఉంటే ఇంకో డాక్టర్ని వెతుక్కునేవాళ్లం.

పైగా ఆ మాట అందరికీ నచ్చింది. చుట్టాలు వచ్చి పంజరం ముందు నిలబడి "ఎంత ప్రేమో చూడండి" అని నిట్టూర్చేవారు. పక్కింటి పిన్నిగారు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు. మావయ్య ఒక రామచిలకను తెచ్చి తోడు పెట్టమన్నాడు. మన అడవి చిలకను ఇంట్లో పెంచితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం మావయ్యా అంటే, "మరి జోస్యం చెప్పేవాడి దగ్గరున్నదేంటి?" అన్నాడు. అదీ నేరమే అంటే వినలేదు.

అమ్మ తనకు తోచిన వైద్యం తను చేసింది. నాన్న రోజూ సాయంత్రం నాలుగింటికి కాఫీ తాగుతూ రంగడికి గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు చేత్తో పెట్టేవారు. వాడికి అవంటే ప్రాణం, ఇంకేం పెట్టినా కింద పడేసేవాడు. బెంగ తీరుతుందని అమ్మ గుప్పెడుని రెండు గుప్పెళ్లు చేసింది.

2024 జనవరి. సంక్రాంతి అయి నాలుగు రోజులైంది. అన్నయ్య ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. రాత్రి రెండున్నరకి ధబ్‌మని చప్పుడు. లైటు వేసి చూస్తే రంగడు పంజరం అడుగున వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ వెనక్కి వంగిపోయింది, వేళ్లు ముడుచుకుపోయాయి, రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఫిట్స్ అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ప్రాణం పోతోందనే అనుకున్నాం. అమ్మ "మీ నాన్న పిలుస్తున్నారే" అంది. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మీద అరిచాను. ఆ రాత్రి గురించి తలుచుకుంటే రంగడి రెక్కల కంటే నా అరుపే ఎక్కువ గుర్తొస్తుంది.

ఆ డాక్టరు గారు ఫోన్ ఎత్తలేదు. పక్షుల్ని చూసే డాక్టర్ హైదరాబాద్‌లో ఉన్నారని ఎప్పుడో విన్న నంబరుకి చేస్తే ఆవిడ ఎత్తారు. చీకటిగా ఉండే పెట్టెలో, అడుగున తువ్వాలు పరిచి, కదలకుండా తీసుకు రమ్మన్నారు. మూడింటికి బయల్దేరాం. అట్టపెట్టె నా ఒళ్లో ఉంది. కోదాడ దాటాక ఆ పెట్టెలోంచి నాన్న దగ్గు వినిపించింది. ముందు గొంతు సవరింపు, తర్వాత చిన్న దగ్గు. అన్నయ్య బండి పక్కకి తీసి ఆపాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నాన్న పోయినప్పుడు ఏడవని మనిషి. లారీలు వెళ్తుంటే మా కారు ఊగుతోంది. "పోనీ అన్నయ్యా, బతికే ఉన్నాడు" అన్నాను.

డాక్టరమ్మ కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చాక వాడు కుదుటపడ్డాడు. అప్పుడు ముందుగా తల చూశారు. "తల నిండుగా ఉంది కదా, ముక్కు అందనిది అదొక్కటే. అంటే తనే పీక్కుంటున్నాడు. తల మీద కూడా ఊడి ఉంటే ఈకల్ని తినేసే వైరస్ ఉంటుంది, దాని గురించి ఎక్కువ భయపడేదాన్ని." అయినా దానికీ పరీక్ష చేయించారు, లేదని తేలింది. ఎక్స్‌రే, పంజరం తీగల జింకు ఒంట్లో చేరిందేమోనని ఇంకో పరీక్ష, అన్నీ అయ్యాయి. రక్తంలో కాల్షియం 5.6 ఉంది. 8 దాటి ఉండాలట. గ్రే చిలకలకి అది పడిపోయే గుణం మిగతా చిలకల కంటే ఎక్కువట.

"ఏం పెడుతున్నారు?" అని అడిగితే చెప్పాను. ఆ గింజల్లో కొవ్వే గానీ కాల్షియం చాలా తక్కువ, విటమిన్ ఎ లేనట్టే. అది లేక చర్మం ఎండి దురద పెడుతుంది, దురదకి పీక్కుంటాడు. ఎండలోనే ఉంటాడండీ, బాల్కనీకి అద్దాలు వేయించాం అంటే నవ్వారు. కాల్షియం ఒంటబట్టడానికి కావలసిన కిరణాలు అద్దం దాటి రావట.

"అయితే బెంగ కాదా?" అన్నాను.

"అదీ ఉండొచ్చు. రక్తం చూడకుండా ఆ మాట ఎలా అంటాం?"

ఆ మొదటి డాక్టరు గారి మీద కోపం అప్పుడు వచ్చింది. గేదెల్ని, కుక్కల్ని చూసే మనిషికి చిలకల సంగతి తెలియకపోవడం తప్పు కాదు. నాకు తెలియదమ్మా అని ఒక్క ముక్క అంటే చాలేది.

మిగిలినదంతా ఓపిక పని. గింజలు ఒక్కసారిగా మానిపిస్తే పస్తులుండి చస్తాడు కాబట్టి మూడు నెలలు పట్టింది పెల్లెట్లకి, అంటే చిలకల కోసం చేసే గుళికల మేతకి, మార్చడానికి. మునగాకు, క్యారెట్, ఉడికించిన చిలగడదుంప. వారానికోసారి వంటింటి త్రాసు మీద నిలబెట్టేదాన్ని. 362 గ్రాములతో మొదలై ఇప్పుడు 415. మీ ఇంట్లో చిలక ఈకలు పీక్కుంటుంటే ఎవరు ఏ కథ చెప్పినా ముందు రక్తం చూపించండి. అగరొత్తులు, దోమల చుట్ట పొగ దాని దగ్గర పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకి నిమిషాల్లో చచ్చిపోతాయి, మేం పెనం పారేశాం. అమ్మ దుర్గమ్మకి మొక్కుకుంది. నేను కూడా మెట్లన్నీ ఎక్కాను, కాదనను.

తర్వాతెప్పుడో నాన్న డైరీలు సర్దుతుంటే రంగడి ఎర్ర తోక ఈకలు దొరికాయి. రాలినప్పుడల్లా ఆయన పేజీల మధ్య దాచేవారు, ఆ తేదీ కిందే. 2022 ఆగస్టు ఈక వెలుగులో పెట్టి చూశాను. అడ్డంగా సన్నటి గీతలు, ఒకదాని కింద ఒకటి. ఈక పెరిగే రోజుల్లో ఒంట్లో తిండి సత్తువ లేకపోతే అలాంటి గీతలు పడతాయని డాక్టరమ్మ చూపించిన గీతలే. అప్పటికి నాన్న బతికే ఉన్నారు. రోజూ నాలుగింటికి గుప్పెడు పెడుతూనే ఉన్నారు.

ఇప్పుడూ నాలుగింటికి రంగడు "కాఫీ అయిందా?" అంటాడు. అమ్మ కప్పు పక్కన పెట్టి మునగాకు రెబ్బ అందిస్తుంది. ఒకసారి కింద పడేస్తాడు, ఒకసారి తింటాడు. "పాపం, మీ నాన్న మీద బెంగతో ఎంత చిక్కిపోయాడే అప్పుడు" అంటుంది. అవునమ్మా అంటాను. ఆ డైరీ నా బీరువాలో ఉంది.